లెక్కకు రాని మూడేళ్లు

నిన్న ఆఫీసులో పాత సర్వీసు రిజిస్టరు తెరవగానే ఎండిన బంక వాసన గుప్పుమంది. లక్ష్మీబాయి గారు గుర్తొచ్చారు. సికింద్రాబాదులో ఒక మోటారు విడిభాగాల ఫ్యాక్టరీలో నేను గుమాస్తాగా చేరినప్పుడు పని నేర్పింది ఆవిడే. కార్మికుల పింఛను కాగితాలన్నీ ఆవిడ చేతి మీదుగానే వెళ్లేవి.

నేను విజయనగరం నుంచి వచ్చిన కొత్త అది. ఒక వెల్డరు ఉద్యోగంలో చేరిన తేదీ తప్పు రాశాను. ఆవిడ నన్ను కసరలేదు. ఆ వెల్డరును పిలిపించి నా ఎదురుగా కూర్చోబెట్టారు. "ముఖం చూసి రాయి బిడ్డా. నువ్వు తప్పు రాస్తే గీయన ముసలితనంల పరేషాన్ అయితడు" అన్నారు. సిగ్గుతో ఆ పూట నాకు అన్నం సహించలేదు.

అంత జాగ్రత్త గల మనిషికే చివరికి పింఛను రాలేదు. పక్షవాతంతో మంచాన పడ్డ అత్తగారిని చూసుకోవడానికి మధ్యలో మూడేళ్లు ఉద్యోగం మానేశారు. అత్తగారు పోయాక తిరిగి చేరినా, యాభై ఎనిమిదేళ్లు నిండేసరికి లెక్కకొచ్చిన సర్వీసు తొమ్మిదేళ్ల రెండు నెలలే. పదేళ్లు ఉంటే గాని నెలనెలా పింఛను రాదు.

"చేరిన తేదీ ఓ ఏడాది వెనక్కి రాసేద్దాం మేడమ్. ఎవరూ చూడరు" అన్నాను గొంతు తగ్గించి.

ఆవిడ రిజిస్టరు మూసి తన వైపు లాక్కున్నారు. "నా కోసం ఒక్క అబద్ధం రాస్తే, ఇన్నేండ్లు నేను రాసిందంతా అబద్ధమే అంటరు." రిజిస్టరు అట్ట తుడుస్తూ, "కాని గా మూడేండ్లు నేనేం ఖాళీగ కూసోలే గదా?" అన్నారు.

ఐటీ కంపెనీలు ఊరంతా మనుషుల్ని పిలుస్తున్న రోజులవి. నేనూ మాదాపూర్‌లో ఒకదాంట్లో చేరాను. ఒక విదేశీ ప్రభుత్వ పింఛను రికార్డులు సరిచూసే పని. ఆ దేశంలో ఇంట్లో రోగిని చూసుకున్న ఏళ్లను కూడా పింఛనుకు కలుపుతారని మొదటి వారమే తెలిసింది. ఆదివారం సీతాఫల్‌మండిలోని ఆవిడ గదికి వెళ్లి ఉత్సాహంగా చెప్పేశాను. చెప్పాక గాని ఎంత క్రూరమైన పని చేశానో తెలియలేదు. ఆవిడ అప్పటికి జాకెట్లకు హుక్కులు కుట్టి బతుకుతున్నారు.

సూది ఆపి అంతా విన్నారు. "అంటే గా చాకిరి గూడ పనే అని యాడనో ఒకచోట రాసుకుంటరన్నమాట" అన్నారు. మళ్లీ దారం ఎక్కించబోతే సూది బెజ్జం దొరకలేదు. నేను అందుకుని ఎక్కించి ఇచ్చాను.

రెండేళ్లకు ఆవిడ పోయారు. చివరి నెల దాకా కుడుతూనే ఉన్నారట.

ఇప్పుడు నేనూ ఒక కంపెనీలో పింఛను కాగితాలే చూస్తున్నాను. ఎవరి సర్వీసులోనైనా ఖాళీ ఏళ్లు కనిపిస్తే, వాళ్లను పిలిచి, ఆ ఏళ్లలో ఏం చేశారని అడుగుతాను. కొందరు చెబుతూ ఏడుస్తారు. నిబంధన మారదు, ఆ ఏళ్లను నేను కలపలేను. అయినా వాళ్లు చెప్పడం పూర్తయ్యేదాకా కాగితం మీద పెన్ను పెట్టను.