సోల్ సింగరుకి తద్దినం గారెలు

ఇలా రండి, ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ ఫోను పక్కన పెట్టండి, కాసేపు పట్టించుకోకపోతే అదేం అలగదు. తింటే గారెలే తినాలి, వింటే భారతమే వినాలి అన్నారు. నా కథలో గారెలూ ఉన్నాయి, భారతమంత రభసా ఉంది. నిక్షేపంలా బతికున్న మనిషికి నేను ఈ రెండు చేతులతో తద్దినం పెట్టాను. మంత్రాలు రావు కాబట్టి అవి లేవు గానీ, మిగతా లాంఛనాలేవీ తక్కువ చెయ్యలేదు.

పెళ్ళయి అమెరికాలో పార్సిప్పనీ ఊరు వచ్చి అప్పటికి రెండు నెలలు. నేను చదివింది ఐదో తరగతి, మా ఆయన ఇంజినీరు. ఈ సంబంధం ఎలా కుదిరిందని అడగకండి. మా అత్తగారికి నా గారెలు నచ్చాయి, అంతే.

అపార్ట్‌మెంటులో కాలు పెట్టగానే హాలు గోడ నిండా ఫోటోలు. అన్నీ నలుపూ తెలుపూ. మెరిసే కోటు వేసుకుని మైకు మింగేసేలా పాడుతున్న మగవాళ్ళు, గోపురమంత కొప్పుతో చేతులు చాచిన ఆడవాళ్ళు. ఒక్కరూ మా చుట్టాల్లా లేరు. మన ఇళ్ళల్లో గోడకి అంతంత ఫోటో ఎక్కాలంటే దేవుడైనా అయ్యుండాలి, పోయినవాళ్ళైనా అయ్యుండాలి. దేవుళ్ళయితే కాదని తెలుస్తూనే ఉంది.

మా ఆయనకి ఈ ఫోటోల పిచ్చి. శనివారం వచ్చిందంటే కారెక్కి పాత రికార్డుల సంతలన్నీ తిరిగేవారు. కంప్యూటర్లోంచి తీసినవి పనికిరావు. ఆ కాలంలో ఫోటోగ్రాఫరు చీకటి గదిలో తన చేత్తో కడిగి ఆరబెట్టిన ప్రింటే కావాలి, వెనక ఆయన ముద్ర ఉండాలి. తెల్లటి చేతి తొడుగులు వేసుకుని, అంచులు మాత్రమే పట్టుకుని పైకెత్తేవారు. పెళ్ళిలో నా చెయ్యి కూడా అంత జాగ్రత్తగా పట్టుకోలేదు.

ఉండబట్టలేక ఓ రోజు అడిగాను. "ఏమండీ, వీళ్ళంతా ఎవరండీ?"

"సోల్ సింగర్లు. రిథమ్ అండ్ బ్లూస్."

నాకు 'బ్లౌజు' అని వినిపించింది. పాటకీ జాకెట్టుకీ ఏం సంబంధమో అర్థం కాక, అది వదిలేసి మొదటిది పట్టుకున్నాను.

"సోల్ అంటే ఏమిటండీ?"

లాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండానే, "ఆత్మ," అన్నారు.

ఒక్క మాట! అదో పాటల తీరు పేరని చెప్పకుండా అక్కడితో ఊరుకున్నారు మహానుభావుడు. నేను గోడ వైపు తిరిగి, గుడ్లప్పగించి, చెంపలు వేసుకున్నాను. పాపం, అంతమంది పోయారా!

ఓ గురువారం సాయంత్రం ఆయన కొత్త ప్రింటు ఒకటి తెచ్చి, ఫ్రేము లేకుండానే పుస్తకాల బీరువాకి ఆనించారు. పాతికేళ్ళ కుర్రాడు, తల వెనక్కి వాలిపోయి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. పాడుతూ మూసుకున్నాడని ఆయనకి తెలుసు. నాకేమో శాశ్వతంగా కన్నుమూసినట్టే కనిపించింది.

"కనకం, ఇది దొరకడానికి మూడేళ్ళు పట్టింది. నెగెటివ్ కూడా మిగల్లేదు. దీని మీద సంతకం పడితే నా జన్మ ధన్యం. చెయ్యి పెట్టకు."

"పెట్టనండీ."

"శనివారం మధ్యాహ్నం ఈయన మనింటికి వస్తున్నారు." వేలు ఫోటో వైపే ఉంది, సుమా! "గారెలు చేస్తావా?"

ఆత్మ ఇంటికి రావడమేమిటి, గారెలు అడగడమేమిటి! మీరైతే ఏమనుకుంటారు? నేనూ అదే అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే పక్క ఫ్లాటు సుగుణక్క తలుపు కొట్టాను. కరీంనగర్ మనిషి, నాకన్నా పదేళ్ళు ముందొచ్చింది, అమెరికాలో ఆమెకి తెలియని విషయం లేదని నా నమ్మకం.

"అక్కా, రేపు మా ఇంటికి ఆత్మ వస్తోంది."

"ఏందే పిల్లా, పొద్దుగాలనే గట్ల మాట్లాడుతున్నవ్?"

అంతా చెప్పాను.

"గారెలు జెయ్యమన్నడా? ఇంకేంది మరి, సంవత్సరీకమే! పెద్దలు వస్తరు, తింటరు, పోతరు. బొట్టు పెట్టు, దండ ఎయ్యి."

"మనవాళ్ళు కాదు కదక్కా?"

"ఆత్మకు వీసా ఉంటదా, పాస్‌పోర్ట్ ఉంటదా? నువ్ పప్పు నానబెట్టు పో."

నానబెట్టాను. శనివారం మా ఆయన, ప్రింటు మీద చెరగని పెన్ను కావాలంటూ కారేసుకుని వెళ్ళారు. నేను తలంటుకుని, పసుపు చామంతులు దండ గుచ్చి ప్రింటుకి వేశాను. పొగ అలారం అరుస్తుందని బ్యాటరీ దీపం పెట్టాను. గంధం, కుంకుమ తడిపి నుదుటి మీద ఇంత బొట్టు పెట్టాను. చెయ్యి పెట్టొద్దన్నారు కదా, అందుకే ఉంగరం వేలు మాత్రమే పెట్టాను. ఐదో తరగతి పెళ్ళామైనా ఎంత పద్ధతి తెలుసో అని ఆయన మురిసిపోవాలని నా ఆశ.

కాకికి పెడదామని బాల్కనీలో గారె పెడితే కాకి రాలేదు, ఉడత వచ్చింది. గారె చిల్లులో చెయ్యి దూర్చి, గాజులా తొడుక్కుని పట్టుకుపోయింది. ఈ దేశంలో పెద్దలు ఉడతల రూపంలో వస్తారు కాబోలు అనుకుని దణ్ణం పెట్టాను.

అప్పుడు మోగింది కాలింగ్ బెల్లు.

తలుపు తీస్తే ఎదురుగా ఫోటోలో మనిషే! జుట్టు నెరిసింది, చేతిలో కర్ర, తల మీద టోపీ. ముఖం మాత్రం అదే. దయ్యాలకి పాదాలు వెనక్కి ఉంటాయంటారు కదా, వంగి చూశాను. బూట్లు ముందుకే ఉన్నాయి. ఆయనా వంగి తన బూట్లు చూసుకున్నాడు, ఏమైనా అంటిందేమోనని.

నాకొచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకుని, "యూ... సోల్?" అన్నాను.

ఆయన ముఖం పున్నమి చంద్రుడిలా వెలిగింది. "యెస్ మేడమ్! ఆల్ మై లైఫ్!"

బతుకంతా ఆత్మేనట! ఆకలితో వచ్చిన ఆత్మని గుమ్మంలో నిలబెట్టడం మరీ ప్రమాదం కదా. "సిట్, ఈట్," అని కూర్చోబెట్టి గారెల పళ్ళెం చేతికిచ్చాను. ఒకటి తిన్నాడు. రెండోది తింటూ తల తిప్పి, బీరువా దగ్గర తన ఫోటో చూసి ఆగిపోయాడు.

సరిగ్గా అప్పుడే మా ఆయన లోపలికొచ్చారు. చేతిలోంచి పెన్ను కిందపడింది.

"కనకం! ఏం చేశావే!"

"మీరే కదండీ వస్తున్నారన్నారు!"

ఇక్కణ్ణుంచి పెద్దాయన ఇంగ్లీషుని నా తెలుగులో చెబుతున్నాను, సర్దుకోండి. "ఈ పూలెందుకు?" అని అడిగాడు.

మా ఆయన చెమటలు తుడుచుకుంటూ, "గౌరవమండీ! మా దేశంలో గొప్పవాళ్ళకి ఇలాగే చేస్తాం," అన్నారు.

ఆపద గడిచిపోయేదే. కానీ అబద్ధం చెబితే ఆత్మకి కోపం రాదూ! "నో, నో," అన్నాను. "ఓన్లీ డెడ్ పీపుల్."

మా ఆయన తెల్ల తొడుగులు వేసుకుని, దూది తీసుకుని, బొట్టు తుడవబోయారు. తుడిస్తే కుంకుమ ముఖమంతా పాకుతుంది, తుడవకపోతే మూడేళ్ళ వేట మట్టికొట్టుకుపోతుంది. ఆయన కళ్ళల్లో నీళ్ళు చూశాక నాకు గారెల మీదే విరక్తి పుట్టింది.

పెద్దాయన కర్ర చాచి ఆయన్ని ఆపాడు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది, ఆపైన ఇల్లంతా కదిలేలా నవ్వాడు.

"వదిలెయ్యి బాబూ. ఆ రాత్రి పాడింది నాకింకా గుర్తుంది, దాని ఫోటో ఒక్కటీ నా దగ్గర లేదు. ఇన్నేళ్ళకి చూద్దామని వస్తే నాకే పూజ జరుగుతోంది! చచ్చాక ఎన్ని పూలు వేస్తే ఏం లాభం, వాసన చూసేదెవరు?"

పెన్ను తీసుకుని, బొట్టు పక్కనే ఒక మాట రాసి, కింద సంతకం చేశాడు. మా ఆయన చదివి వినిపించారు: 'ఇంకా పోలేదు.'

తర్వాత నా వైపు తిరిగి అడిగాడు. "అమ్మా, ఈ పండగ ఏటా చేస్తారా?"

"ఎవ్రీ ఇయర్," అన్నాను తల దించుకుని.

"అయితే ఏటా వస్తాను."

వస్తున్నాడు కూడా! చచ్చినవాడి పెళ్ళికి వచ్చిందే కట్నమంటారు, బతికినవాడి తద్దినానికి ఇచ్చిందే గారె. ఎనభై దాటినా ఏటా ఆ శనివారం టోపీ పెట్టుకుని వచ్చి, తన తద్దినం తనే తిని, మిగిలినవి డబ్బాలో పట్టుకెళతాడు. సుగుణక్క మాత్రం, "చూసినవా, చెప్పిన కదా! వస్తరు, తింటరు, పోతరు," అంటుంది. ఫోటోలు సేకరించేవాళ్ళెవరైనా ఇంటికొచ్చి, ఆ ఎర్ర చుక్కేమిటని అడిగితే, "అది మా ఆవిడ సంతకం," అంటారు మా ఆయన.

అందుకే మీ అందరి ఎదుటా, మినప్పప్పు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ఫోటోకైనా సరే, లోపలి మనిషి ఊపిరి సంగతి కనుక్కోనిదే బొట్టు పెట్టను గాక పెట్టను.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ గోడ మీదున్న వాళ్ళంతా దండలు అక్కర్లేకుండా నిండు నూరేళ్ళూ మీ వంటింట్లోనే తిరుగుతూ, గారెలు వేడిగా ఉండగానే తినాలి.