కోట బురుజు దూకింది మా మామ

బీదరు కోటలో ఒక కత్తియుద్ధాల సినిమాకు రెండో భాగం తీసినప్పుడు, హీరోకు బదులు బురుజు మీది నుంచి దూకింది మా మేనమామ. కాలు విరిగి వానాకాలమంతా మంచంలోనే ఉన్నాడు.

తర్వాత ఆ సినిమాలు ఎలా తీశారో చూపిస్తూ కంపెనీవాళ్లే ఒక చిన్న చిత్రం తీసి, మా ఊరి టాకీసులోనూ ఆడించారు. మామను వెంటబెట్టుకుని వెళ్లాను. తెరమీద హీరో నవ్వుతూ, "ప్రతి దూకుడూ నేనే స్వయంగా దూకాను" అన్నాడు. మామ నీడ కూడా ఎక్కడా లేదు.

నాకు ఒళ్లు మండిపోయింది.

"గింత అబద్ధమా! మేనేజరును అడుగుదాం పా మామా."

"వాళ్ల పైసలు, వాళ్ల బొమ్మ. ఊకోరా."

మూడో భాగానికి మళ్లీ కబురొచ్చింది. నేనెంత మొత్తుకున్నా వినకుండా కుంటుకుంటూనే బయల్దేరాడు.

"దుంకుడంటె నాకు పానంరా" అన్నాడు.

అలాంటి మనిషితో ఏం వాదించను?