భోజనం తర్వాత స్నాప్

మా మాస్టారు పోయారని సోమవారం పొద్దున ఆఫీసు గ్రూపులో మెసేజ్ వచ్చింది. నేను నమ్మలేదు. ఆయన దగ్గర పని నేర్చుకున్నదాన్ని, ఒక్క మెసేజ్ చూసి ఎలా నమ్ముతాను? వాళ్ళింటికి ఫోన్ చేశాను. వాళ్ళమ్మాయి ఎత్తి, "నిజమేనండి, నిద్రలోనే పోయారు" అంది.

భీమవరంలో మాది చేపల చెరువులకు, రొయ్యల చెరువులకు ప్లాన్లు గీసే చిన్న ఆఫీసు. మాస్టారు అక్కడ అందరికన్నా పెద్ద డ్రాఫ్ట్స్‌మన్. అనుమానం పెనుభూతం అంటారు గానీ, ఆయనకు అదే అన్నం పెట్టింది. రావులపాలెంలో అరటి గెల కొంటే తిరగేసి చివరి హస్తం దాకా చూసేవారు. చర్చిలో పాట నంబరు బోర్డు మీద రాసి ఉన్నా, పక్కాయన పుస్తకంలోకి తొంగి చూస్తే గాని గొంతెత్తేవారు కాదు. నా ప్లాను చూపిస్తే కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "కలిసినట్టుంది అనకమ్మా. జూమ్ చేసి, కలిసిందని చెప్పు" అనేవారు.

కంప్యూటర్లో ఒక గీత కొస ఇంకో గీత కొసకి సరిగ్గా అతుక్కోవాలంటే స్నాప్ ఆన్‌లో ఉండాలి. లేకపోతే గీతలు కలిసినట్టే కనిపిస్తాయి, దగ్గరికెళ్ళి చూస్తే మధ్యలో సందు. చేరిన కొత్తలో నేను పంపిన ప్లానులో ఒక మూల అలాగే కలవక, గట్టు ఎవరిదని అన్నదమ్ములిద్దరు తగువు పడ్డారు. "ఇంకొక్కసారి ఇలా జరిగితే వేరే చోట చూసుకోండి" అన్నారు ఓనరుగారు. నాన్న మంచంలో ఉన్నారు. ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే.

అప్పటినుంచి పొద్దున బాగానే ఉన్న స్నాప్ మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి ఆగిపోయి ఉండేది. మళ్ళీ ఆన్ చేసుకున్నా మర్నాడు అదే వరస. మౌసు మార్చాను. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ వేశాను. ఊహూఁ. నన్ను సాగనంపాలని ఎవరో చూస్తున్నారని ఖాయం చేసుకున్నాను. పక్క సీటావిడతో మాట్లాడటం కూడా మానేశాను.

ఒకరోజు క్యారేజీ సగంలో మూసేసి వెనక్కి వచ్చాను. నా కుర్చీలో మాస్టారు. ఆయన వేలు స్నాప్ ఆపే మీట మీద ఉంది.

"మీరేనా అండి?"

"నేనే. కనిపెట్టడానికి మూడు నెలలేంటమ్మా?"

"నా ఉద్యోగం పోయేదండి."

"ఈ మూడు నెలల్లో నేను చూడకుండా నీ ప్లాను ఒక్కటైనా ప్రింటుకి వెళ్ళిందా? స్నాప్ ఉంది కదా అని మూలలు చూడటం మానేశావు. రేపు గట్టు మీద తలకాయలు పగిలితే ఈ మీటని అడుగుతారా?"

ఒళ్ళు మండిపోయింది. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. నా టేబుల్ మీద పెట్టిన అరటిపళ్ళు కూడా తినలేదు, వాటిలో ఏం పరీక్ష ఉందో అని. తర్వాత ఆరేళ్ళూ ఆయన స్నాప్ ఆపడం మానలేదు, నేను మూలలు చూసుకోవడం మానలేదు. ఆ ఆరేళ్ళలో నా ప్లాను ఒక్కటీ వెనక్కి రాలేదు. ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు.

సమాధి కార్యక్రమం అయిన మర్నాడు ఆఫీసుకి వెళ్ళాను. భోజనం చేసి వచ్చి, కూర్చోగానే స్నాప్ చూశాను. ఆన్‌లోనే ఉంది. అనుమానం తీరక, జూమ్ చేసి నాలుగు మూలలూ చూశాను. అన్నీ కలిసే ఉన్నాయి.

మాస్టారు పోయారని అప్పుడు నమ్మాను.