మాస్టారి లెక్కకి నేను పెట్టిన ఇంటూ

"మన లెక్కల మాస్టారు పోయారే," అంది ఆరో నంబరు, మొన్న పూర్ణా మార్కెట్లో నాకు వంకాయలు తూస్తూ. చదువులై నలభై ఏళ్లు దాటినా మా ఇద్దరికీ ట్యూషన్ నంబర్లే పేర్లు. తను ఆరు, నేను ఎనిమిది. ఏడో నంబరు మాట ఇద్దరం ఎత్తలేదు.

డెబ్బైల చివర్లో, హార్బరు వెనక సందులో ఆయన ఇంటి అరుగు మీద సాయంత్రం అయిదింటికి మాకు చాపలు పరిచేవారు. సుద్దముక్క చెవి మీద పెట్టుకుని ఇల్లంతా వెతికేవారు. మేం చెబితేనా, చెడ్డపిల్లలం. ఎక్స్ అంటే నాకు హడలు. "తెలవనిదానికి ముందో పేరెట్టమ్మా, అప్పుడది నీ మాట ఇంటాది," అనేవారు. ఆ ఒక్క ముక్కతో నా ఆల్జీబ్రా గట్టెక్కింది. ఇంకో పద్ధతి ఉండేది. ఆయన చేసిన లెక్క మేం దిద్దాలి. తప్పు పట్టుకుంటే ఎర్ర పెన్సిలు మా చేతికిచ్చి ఇంటూ పెట్టించేవారు.

ఏడో నంబరు ఆయన కొడుకే, మాకన్నా రెండు క్లాసులు పైన. టెన్తు పరీక్షలయ్యాక మేనమామ పడవలో వేటకెళ్లాడు. పడవా రాలేదు, మనుషులూ రాలేదు. అయినా మాస్టారు రోజూ హాజరులో "ఏడు" అని పిలిచి, కాసేపు ఆగి, టిక్కు పెట్టేవారు. పాపం, మతి చెదిరిందనుకున్నాం. ఒకరోజు ఆయన అలా ఆగినప్పుడు, నా పక్కన ఖాళీ చాప మీంచి "ప్రెజెంట్ సార్" అని వినబడింది. నోట్లో నీళ్లున్న గొంతు. ఆరో నంబరు తన మానాన జామెట్రీ పెట్టె సర్దుకుంటోంది. మీరు నమ్మకపోయినా ఫర్వాలేదు. ఆ తర్వాత రోజూ వినబడేది. భయంతో చచ్చేదాన్ని గానీ, ట్యూషన్ మానలేదు.

ఏడాదైనా మాస్టారు కొడుక్కి దినం చెయ్యలేదు. మేం అమ్మగారనే ఆయన భార్య అడిగీ అడిగీ నీరసించిపోయారు. చివరికి ఒకరోజు ఆయన నా ముందు ఒక నోటుబుక్కు పెట్టారు.

"ఇది దిద్దమ్మా. తప్పుంటే దినం సేసేత్తాను. లేదంటే మరి నన్నెవరూ అడగొద్దు."

జామెట్రీ రాసినట్టే రాశారు. నిరూపించవలసినది: కుర్రాడు ఉన్నాడు. లేడనుకుందాం. లేనివాడు పలకడు. కానీ పిలిస్తే పలుకుతున్నాడు. ఇది విరుద్ధం. కనుక ఉన్నాడు.

నాకు ఎంత వెతికినా తప్పు దొరకలేదు.

మంచినీళ్లకని పెరట్లోకి వెళితే అమ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు. "నానేటీ సదూకోలేదమ్మా. నా బిడ్డ ఏ దారీ లేక తిరుగుతన్నాడు. ఆడ్ని పంపించీ తల్లీ. తప్పని రాసీ."

'పలుకుతున్నాడు' అన్న లైను మీద ఇంటూ పెట్టాను. మొత్తం లెక్కలో నిజమని నాకు రూఢిగా తెలిసిన లైను అదొక్కటే. పెట్టాల్సింది దాని పైన 'లేనివాడు పలకడు' అన్న లైనుకని ఇప్పుడనిపిస్తుంది. ఆ వయసులో తోచలేదు.

మాస్టారు ఆ ఇంటూ మీద వేలు పెట్టారు. "నీకు ఇనపడలేదా అమ్మా?"

"లేదు సార్."

"అయితే తప్పే," అని నా తల మీద చెయ్యి వేశారు. ఆ వారమే సముద్రం ఒడ్డున దినం చేశారు. అమ్మగారు ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నారట.

ఆయన చెప్పిన లెక్కలతోనే నేను టీచరునయ్యాను, ముప్ఫై ఏళ్లు నా పిల్లల్ని పోషించుకున్నాను. ఆయన ముందు ఒక్కసారి నిజం ఒప్పుకోవాల్సింది. ధైర్యం చాల్లేదు. ఇప్పుడు చెప్పుకోడానికి ఆయన లేరు.

దినం అయిన మర్నాడు ట్యూషన్‌లో ఆయన "ఆరు" అని పిలిచారు. తర్వాత ఏడు పిలవలేదు.

"ఎనిమిది."

నేనింకా ఆ పిలవని ఏడు దగ్గరే ఉన్నాను. మాస్టారు పెన్సిలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. అప్పుడు నా పక్క చాప మీంచి ఆ గొంతే, "ప్రెజెంట్ సార్," అంది.

మాస్టారు తలెత్తకుండా నా నంబరుకి టిక్కు పెట్టారు.