ప్రార్థన కూడా మాటేనని తెలియక

ఆ ఆదివారం పెనుకొండలో మా చర్చి సంఘంలో రెండో పాట ఎత్తుకున్నాను. పల్లవి బాగానే సాగింది. చరణంలో పైకి పోవాల్సిన చోట గాలి తప్ప స్వరం రాలేదు. పాట నడిపించేది నేనే కాబట్టి అందరూ ఆగిపోయారు. చలికాలం కదా, పడిశం అనుకున్నాను. మిరియాల కషాయం, ఉప్పునీళ్లు, చేయని వైద్యం లేదు. నెలన్నర గడిచినా బొంగురు తగ్గలేదు. ఫోన్‌లో మా అమ్మే నా గొంతు పోల్చుకోలేక ఎవరు మాట్లాడేదని అడిగింది. అప్పుడు భయమేసింది.

మా ఆయన సోమందేపల్లిలో పంక్చర్ షాపు నడుపుతాడు. షాపు మూసి నన్ను హిందూపురం ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ముక్కులోంచి సన్నని గొట్టం దింపి ఎండోస్కోపీ చేశారు. వోకల్ కార్డ్ మీద పాలిప్, అంటే చిన్న కండ, పెరిగిందనీ, సర్జరీ చేసి బయాప్సీకి పంపాలనీ చెప్పారు. బయాప్సీ అంటే క్యాన్సర్ అనుమానమేనని నాకు తెలుసు. చోద్యం చూడండి, నాకు ప్రాణం కంటే ముందు పాటే గుర్తొచ్చింది. మళ్లీ పాడతానా అని అడిగాను.

"అది మీరు వాయిస్ రెస్ట్ ఎట్లా తీసుకుంటారో దాన్ని బట్టి ఉంటుందమ్మా," అన్నారు డాక్టరు.

సర్జరీ అయింది. రిపోర్టులో క్యాన్సర్ కాదని వచ్చింది. మాట్లాడొద్దు, గుసగుస కూడా వద్దన్నారు. వాగుడుకాయను నేను, కూరగాయలు కూడా సైగలతో కొంటుంటే ఇరుగుపొరుగు నవ్వారు. తీరా రివ్యూకి పోతే వాపు తగ్గలేదు. మాట్లాడారా అని అడిగితే గట్టిగా తల అడ్డంగా ఊపాను. మా ఆయన అందుకున్నాడు.

"మాట్లాడలేదు సార్. పొద్దున్నే మోకాళ్ల మీద కూచోని గంటసేపు ప్రార్థన చేస్తాది, అంతే."

మా సంఘంలో ప్రార్థన అంటే నోరు తెరిచి చేసేదే. అందరం ఒకేసారి గొంతెత్తితే పైన రేకులు అదురుతాయి. ఇంట్లో నేను గుసగుసగా చేసుకుంటున్నాను, అది మాట కిందికి వస్తుందని తోచనే లేదు. డాక్టరు కోప్పడలేదు.

"మనసులో చెప్పుకుంటే దేవునికి వినపడదా అమ్మా?" అన్నారు.

ఆ మాట చాలా రోజులు తొలిచింది. ఈసారి పెదవులు కదపకుండా మోకరించాను. అడగాల్సినవన్నీ అడగడం అయిపోయాక ఏం చేయాలో తెలియక ఊరికే ఉండిపోయేదాన్ని. ఇన్నేళ్లూ దేవునికి నేను చెప్పడమే గానీ ఆయన చెప్పేదానికి సందిచ్చానా? పాడమన్నప్పుడు లోబడడం నాకు ఎప్పుడూ తేలికే, పాడడం ఇష్టం కాబట్టి. ఊరుకోమంటే ఊరుకోవడం నేర్చుకోవాల్సి వచ్చింది.

మాటకు అనుమతి వచ్చింది గానీ పాటకు ఇంకా రాలేదు. అంతలో శుభ శుక్రవారం, అదే గుడ్ ఫ్రైడే, వచ్చింది. ధర్మవరం నా పుట్టినూరు. అక్కడి చర్చిలో ఏటా ఆ రోజు సిలువ ధ్యానాల చివరి పాట నాదే. ఈసారి వేరొకామె పాడడానికి లేచింది. పక్కనున్న అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఒక్క చరణం పాడు పాపా. వచ్చే ఏడు నేనుంటానో ఉండనో."

అడిగింది కన్నతల్లి, పాడమన్నది సిలువ పాట. ఎవరు తప్పంటారు? పాడాలని ఎంత ఆశ పుట్టిందంటే పళ్లు బిగబట్టాను. అయినా వద్దని తల ఊపాను. అమ్మ చెయ్యి వదిలేసింది. ఆ పాట అయ్యేదాకా ఏడుస్తూనే ఉన్నాను. ఇంటికి పోయినాక కూడా అమ్మ నాతో సరిగా మాట్లాడలేదు.

స్పీచ్ థెరపీ తర్వాత కింది శ్రుతిలో పాడుకోవచ్చన్నారు. పై స్వరం తిరిగి రాకపోవచ్చనీ చెప్పారు. ఆ వారమే ధర్మవరం పోయి, వంటింట్లో అమ్మ పక్కన కూర్చొని ఆ పాట పాడాను. నడుమ అమ్మ కూడా గొంతు కలిపింది. నా ఎరుకలో అమ్మ ఏనాడూ పాడలేదు.

"ముందు నువ్వు యాడికో పైకి పోతాంటివి, నాకు అందేది కాదు పాపా," అంది.

పై స్వరం మీద ఆశ చచ్చిందని అబద్ధం చెప్పను. ఇప్పటికీ ప్రతి ఆదివారం అది గొంతు దాకా వచ్చి ఆగుతుంది.

బొంగురు మూడు వారాలకీ తగ్గకపోతే కషాయాలతో కాలం గడపకుండా ఈఎన్‌టీకి చూపించుకోండి. సర్జరీ అయ్యాక పాడాలని ప్రాణం కొట్టుకుంటుంది, నాకు తెలుసు. డాక్టరు సరే అనేదాకా ఆగండి, అడిగింది అమ్మయినా సరే.