గేటిండ్లకు చాటింపు

నేను పుట్టిన చోటికి పేరు లేదు. రైలు పట్టాలు వేసేటప్పుడు కూలికి వచ్చినవాళ్లు గేటు పక్కన గుడిసెలు వేసుకున్నారు, పని అయిపోయినా కదల్లేదు. అలా పుట్టిన దాన్ని ఊరు అనవచ్చో లేదో నాకిప్పటికీ తెలియదు. పట్టాల పని చేసే మా నాయన లైనుకాడ అనేవాడు, బస్సు కండక్టరు గేటుకాడ అనేవాడు, ఆధార్ కార్డులో పక్క ఊరి పేరుంది.

ఇదే మా అమ్మకు తీరని బాధ. మా వైపు గంగమ్మ జాతరకు ముందు చాటింపు వేస్తారు. డప్పు మోగిందంటే జాతర అయ్యేదాకా ఆ ఊరివాళ్లు పొలిమేర దాటకూడదు. పట్టాలకు అటొక ఊరు, ఇటొక ఊరు. రెండు డప్పులూ పట్టాల దాకా వచ్చి వెనక్కి తిరిగేవి. "మనం యాడికన్నా పోవచ్చు, అడిగేవాళ్లు లేరు" అంటూ అమ్మ కళ్లు తుడుచుకునేది. ఎక్కడికైనా పోవచ్చంటే ఏడవడమెందుకో నా బుర్రకెక్కేది కాదు.

పోయిన జాతరకు అమ్మ తూర్పు ఊరి పెద్దల దగ్గరికి పోయి, మా గుడిసెలకూ చాటింపు వేయాల్సిందేనని పట్టుబట్టింది. వాళ్లు సరేనన్నారు. డప్పాయన గేటు దగ్గరికి వచ్చి, "మీ ఊరి పేరేందిమా? పేరు లేకుండా ఎట్ల సాటేది?" అన్నాడట. తలా ఒకటి చెప్పారట. అమ్మ అందరి నోళ్లూ మూయించి, "గేటిండ్లు అని సాటప్పా" అంది. ఆయన చాటేశాడు. ఊరికి పేరు పెట్టడం ఇంత సులువా?

ఆ మరుసటి రోజే, తిరుపతిలో మా అత్తగారింట్లో ఉండగా, నెలలు నిండకముందే నాకు నొప్పులు మొదలయ్యాయి. రెండో కాన్పు. ఆసుపత్రి నుంచి ఫోన్ చేస్తే అమ్మ, "ఎట్ల వచ్చేది పాపా, సాటింపు అయిపోయిండాదే" అంది. గొంతులో ఏడుపుంది. దాంతోపాటు నేనెప్పుడూ వినని సంబరమూ ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. కన్నకూతురికంటే డప్పు ఎక్కువైందా? పాపం, ఇన్నేళ్లకు ఆమెను పోవద్దనే ఊరొకటి దొరికింది కదా అని కూడా అనిపించింది. తిట్టాలో, సంతోషపడాలో తేల్చుకోలేక ఫోన్ పెట్టేశాను.

బిడ్డ పుట్టాక నర్సమ్మ, "మీ అమ్మ రాలేదామ్మా?" అని అడిగింది.

"రాకూడదు. మా ఊర్లో సాటింపయింది."

"ఏ ఊరు మీది?"

"గేటిండ్లు" అన్నాను. ఎప్పుడూ వినలేదంది ఆమె. నేనూ ఆ మాట అనడం అదే మొదటిసారి. అమ్మ మీద కోపం మాత్రం ఇంకా పోలేదు.