ఒరల మీద చెయ్యి వేసి చెప్పిన స్పానిష్

నాకు స్పానిష్ వచ్చంటే ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీండి. ఉయ్యూరు పక్క పాలెంలో, చెరుకు కొట్టుకు బతికే ఇంట్లో పుట్టినదానికి స్పానిష్ ఎందుకని డెబ్భైల్లోనే నవ్వారు. నవ్విన నాపచేనే పండుతుందంటారుగా.

మా అమ్మ మిషన్ ఆసుపత్రిలో ఊడ్చేది. అక్కడికి స్పెయిన్ నుంచి వచ్చిన సిస్టరుకి తెలుగు కావాలి. పదో తరగతి ప్యాసై ఖాళీగా ఉన్న నాకు ఏదో ఒకటి కావాలి. నేను ఆమెకు తెలుగు చెప్పాను, ఆమె నాకు స్పానిష్ చెప్పింది. "పిలిస్తే వద్దును కదా" అనేది మా అమ్మమ్మ. వచ్చేదాన్ని అని చెప్పే ఆ 'వద్దును' లాంటి రూపమే స్పానిష్‌లోనూ ఉంది, నాకు అన్నిటికంటే తేలిగ్గా అబ్బింది కూడా అదే. అబ్లార్ అంటే మాట్లాడడం. ఆ మాటని ఎక్కడా తెగ్గొట్టక్కర్లేదు, అలాగే ఉంచి చివర తోక తగిలించడమే. అబ్లరీయ, నేను మాట్లాడుదును. అబ్లరీయస్, నువ్వు మాట్లాడుదువు. ఆమెకైతే మళ్లీ అబ్లరీయే. అబ్లరీయమోస్, మేం మాట్లాడుదుము. మీరైతే అబ్లరీయైస్, వాళ్లైతే అబ్లరీయన్. తవ్వడానికైనా తాగడానికైనా అవే తోకలు. ఎక్కాల్లా పైకి వల్లె వేస్తూ చెరుకాకు మోపులు కట్టేదాన్ని. "దీనికేదో గాలి సోకిందే" అనేది పక్కింటి పిన్ని.

వేసవిలో కాలువ కట్టేస్తే మా పాలెంలో చుక్క నీళ్లుండవు. మిషన్ బావి రెండు మైళ్ల దూరం. దగ్గర్లో ఉన్నది రైతుల బావి, అక్కడ మమ్మల్ని చేద ముట్టనివ్వరు. ఎవరో దయతలచి తోడి, పైనుంచి మా బిందెల్లో పొయ్యాలి. అప్పటిదాకా ఎండలో నిలబడాలి. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ ఏడు కాలువ కట్టేసిన వారానికే, మిషన్‌కి చందాలు పోగుచేసి పంపే పెద్దావిడ స్పెయిన్ నుంచి వచ్చింది. పాలేనికి సొంత బావి అడుగుదామని ఆడవాళ్లం పదిమందిమి వెళ్లాం. సిస్టరేమో కామెర్లతో విజయవాడ ఆసుపత్రిలో ఉంది. మా మాట మిషన్ గుమాస్తాగారే ఇంగ్లీషులో చెప్పాలి. చెప్పారు. వీళ్లకే లోటూ లేదట, ఆఫీసుకి ప్రహరీగోడ ఒక్కటే కావాలట. వింటే అర్థమయ్యే మాత్రం ఇంగ్లీషు నాకూ తెలుసు.

"బావి సంగతి చెప్పలేదేంటండీ?" అన్నాను.

"నువ్వు నోర్మూసుకుని నిలబడు. పెద్దవాళ్ల మధ్యలో నీకేం పని?" అన్నారాయన.

ఊరుకుంటానా? తిన్నగా వెళ్లి మిషన్ బావి చుట్టూ ఉన్న గుండ్రటి సిమెంటు ఒరల మీద చెయ్యి వేశాను. 'ఇవి ఇస్తే' అనడానికి కావలసిన ముక్క సిస్టరు నాకింకా నేర్పలేదు. అందుకని మాటలో ఆ సగాన్ని ఒర మీద చేత్తో కొట్టి చూపించి, తక్కిన సగం నోటితో చెప్పాను. కవరీయమోస్, మేమే తవ్వుకుందుము. కర్గరీయమోస్, మట్టి మేమే మోసుకుందుము. బెబెరీయమోస్, తాగుదుము. మూడూ రెండేసి సార్లు చెప్పాను.

పెద్దావిడ గుమాస్తాగారి వంక చూడడం మానేసింది. ఎక్కడ తవ్వుతారని స్పానిష్‌లో నన్నడిగింది. చింతచెట్టు పక్కన, మా ఇళ్ల మధ్య అని వచ్చీరాని మాటల్తో చెప్పాను. ఆవిడ తలూపి కారెక్కింది. ఇస్తానని గానీ ఇవ్వనని గానీ అనలేదు.

కారు గేటు దాటగానే గుమాస్తాగారు పక్కనే ఊడుస్తున్న మా అమ్మ మీదికి తిరిగారు. "నీ కూతుర్ని అదుపులో పెట్టుకోలేవా? రేపట్నుంచి నువ్వు పనిలోకి రానక్కర్లేదు."

ఏడాది పొడుగునా ఇంట్లోకొచ్చే జీతం అదొక్కటే. అమ్మ పుట్టి బుద్ధెరిగి ఎవరికీ ఎదురు చెప్పిన మనిషి కాదు. చీపురు గోడకి ఆనించి, చేతులు కొంగుకి తుడుచుకుంది.

"రానండి. రేపట్నుంచి మాకు బావి తవ్వే పనుంది," అంది.

మర్నాడు పొద్దున్నే చింతచెట్టు పక్కన మొదటి పలుగు పోటు అమ్మే వేసింది. పెద్దావిడ పంపిన ఒరలు నలభై రోజులకొచ్చాయి. అప్పటికి గొయ్యి సిద్ధంగా ఉంది. నీళ్లు పడ్డ రోజు చేద మేమే వేశాం.